ఊపిరి లెక్కపెట్టిన పిల్ల

ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాల్వంచ దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో నేను ట్యూటర్ని. వార్డుల్లో నాకు అస్సలు పడని అలవాటు ఒకటుంది. జ్వరం చూస్తారు, బీపీ చూస్తారు, ఊపిరి మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. పెద్దవాళ్ళయితే ఇరవై, పసివాళ్ళయితే ఇరవై నాలుగు అని షీటులో పడేసి పక్క మంచానికి పోతారు. పిల్లవాడు కళ్ళముందే ఎగపోస్తున్నా ఇరవై నాలుగే! పినపాక అవతలి పల్లెల నుంచి నిమోనియాతో తెచ్చే పిల్లలకు ఆ అంకె ఎంత చేటు చేస్తుందో నేను కళ్ళారా చూశాను.

ఆ జబ్బు వదిలించాలనే ఎస్కేప్ రూమ్ ఆట తయారుచేశాను. ల్యాబ్ తలుపు మూసి ఐదుగురు అమ్మాయిలకు పావుగంట టైమిస్తాం. మంచం మీద రెండేళ్ళ పిల్లవాడి బొమ్మ, గౌను కింద బెలూన్, దానికి రబ్బరు గొట్టం. తెర వెనక మా ఆయమ్మ కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ టిక్కుమన్నప్పుడల్లా గొట్టం చివరి రబ్బరు బల్బు నొక్కుతుంది, బొమ్మ రొమ్ము లేచి పడుతుంది. నిమిషానికి సరిగ్గా యాభై ఆరుసార్లు. ఆ లెక్కే నంబరుగా తాళం వేసిన పెట్టెలో ఆక్సిజన్ మాస్క్ ఉంటుంది. కేస్ షీటులో కావాలనే ఇరవై నాలుగని రాశాను. షీటును నమ్మితే తాళం రాదు, పిల్లవాణ్ణి చూస్తే వస్తుంది.

"మేడం, గింతసేపు నొక్కితే నా చెయ్యి పడిపోతది" అని ఆయమ్మ గొణిగింది కానీ, ఒక్క టిక్కు తప్పలేదు.

తాళం తీసిన జట్టుకే పిల్లల వార్డులో పోస్టింగ్ అని చెప్పాం. ఆ పోస్టింగ్ మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల ఒకతి ఉంది. ఇంట్లో కోయ మాట్లాడతారు, తరగతిలో నోరు విప్పదు. వాళ్ళ ఊళ్ళో పసిబిడ్డకు ఆయాసమొస్తే రోడ్డు దాకా మోసుకురావాల్సిందే. పిల్లల నర్సునే అవుతానని మొదటి ఏడాదే నాతో చెప్పింది.

వేరే బ్యాచ్‌తో చేసిన రిహార్సల్‌లో అందరూ ఇరవై నాలుగే తిప్పారు, ఒక్క జట్టూ తాళం తీయలేకపోయింది. ఆట పనిచేస్తోందని నేను మురిసిపోయాను. ప్రిన్సిపాల్ సార్ ముఖం మాత్రం మాడిపోయింది, మర్నాడే కాలేజీ తనిఖీ, వచ్చేవాళ్ళకు చూపించాల్సింది ఈ ఆటే.

తనిఖీ రోజు మొదటి జట్టు నేరుగా షీటు తెరిచి ఇరవై నాలుగు తిప్పింది. తాళం టక్కున ఊడింది! నాకేమీ అర్థం కాలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. రెండో జట్టులో మా పిల్ల బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టింది. యాభై ఆరు. తాళం రాలేదు. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ యాభై ఆరే.

"షీట్ల ఉన్నది పెట్టరాదే, టైమైపోతున్నది!" అని జట్టువాళ్ళు అరిచారు.

"ఏంది పెట్టేది? గీ బాబుకు ఆయాసమున్నది" అంది. పావుగంటా అయిపోయింది. అందరూ దాన్ని తిట్టుకుంటూ బయటికొచ్చారు.

తనిఖీవాళ్ళు వెళ్ళగానే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి, తాళం నంబరు ఎవరు మార్చారని అడిగాను.

"నేనే మార్పించిన. వచ్చినోళ్ళ ముందు పెట్టె తెరుచుకోకుంటే కాలేజీ పరువేం గావాలె? ఆటనే గదమ్మా, గింత కోపమెందుకు?"

ఆటేనట! నోటికొచ్చినట్టు అరిచాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. పని సరిగ్గా చేసిన ఒక్కగానొక్క పిల్లను ఓడించి, రోగివైపు చూడనైనా చూడనివాళ్ళకు నాతో కూడా చప్పట్లు కొట్టించారు కదా అన్నాను. చివరికి ఆయన విసుగ్గా ఆ పిల్ల పేరు పోస్టింగ్ లిస్టులో చేర్చారు. గెలిచానని తలెగరేసుకుంటూ బయటికొచ్చాను. బుద్ధి ఉంటే ఆ సాయంత్రమే దాన్ని పిలిచి నీ లెక్కే కరెక్టని చెప్పేదాన్ని. పేరు చూసుకుంటే దానికే తెలుస్తుందిలే అనుకున్నాను.

వారం తర్వాత పిల్లల వార్డులో మొదటి రోజు. చండ్రుగొండ వైపు నుంచి తెచ్చిన ఏడాదిన్నర పాప తల్లి ఒళ్ళో ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. మా పిల్ల షీటు నింపి నా చేతికిచ్చింది. ఇరవై నాలుగు.

సిస్టర్‌ని కేకేసి పాపకు ఆక్సిజన్ పెట్టించి, మా పిల్లను వరండాలోకి లాక్కొచ్చాను. లెక్కపెట్టకుండానే రాశావా అని గద్దించాను.

"లెక్కపెట్టిన మేడం. రెండుసార్లు పెట్టిన. అరవై వచ్చింది" అంది తల వంచుకుని. "మల్ల తప్పయితదని గట్ల రాసిన."