ఒక్కో పేరుకు ఒక దెబ్బ

మా మరిది చనిపోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. అన్నం ముందు కూర్చున్నవాడు గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడు. దేన్నో ఒకదాన్ని బాదకుండా ఒక్క పూట ఉండలేని మనిషి అంత చప్పుడు లేకుండా పోతాడని మేమెవరం అనుకోలేదు.

పటాన్‌చెరులో అతను మాతోనే ఉండేవాడు. రేకులు వంచే ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద పని. కోపం ఎక్కువ. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకసారి విసిరిన స్టీలు పళ్లెం మా ఆయన నుదుటికి తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు విప్పేదాకా రోజూ అన్న ముఖం తనే తుడిచాడు.

అతని బ్యాండు కూడా కొట్లాటలోనే పుట్టింది. పెళ్లి బ్యాండు కాదు, రాక్ సంగీతం, అరుపూ మోతా. మా కాలనీ చర్చి పాస్టరు గారి అబ్బాయి గిటారుతో సంగారెడ్డి బస్సెక్కుతుంటే దాని కొస మా మరిది కంటికి తగిలింది. ఇద్దరూ బస్టాపులో పడి దొర్లి కొట్టుకుని, నెత్తురోడుతూ, ఒకరి కాలరు ఒకరు పట్టుకునే మా ఇంటికొచ్చారు. నేను ఇద్దరికీ పసుపు అద్దాను. మంట ఓర్చుకోలేక మరిది గంటెతో బిందెను దబదబా బాదాడు.

"గదే, గట్లనే కొట్టు, ఆపకు!" అంటూ ఆ అబ్బాయి పగిలిన పెదవితోనే గిటారు అందుకున్నాడు.

"కండ్లు పలగ్గొట్టి పాట గావాల్నారా నీకు?" అన్నాడు మరిది. కానీ ఆపలేదు.

ఫర్నేసులో పనిచేసే ఒడిశా అతను పాడటానికి వచ్చి కలిశాడు. ఇక డ్రమ్స్ కావాలి. "డ్రమ్ములు దొరికితే పంపు" అని తుక్కు దుకాణానికి కబురు పెడితే, ఖాళీ కెమికల్ పీపాలు మూడు ట్రాలీ ఆటోలో దిగాయి. మా దగ్గర డ్రమ్మంటే అదే మరి. తొమ్మిదిసార్లు కడిగాను, కడిగినప్పుడల్లా గోడ మీద ఒక గీత పెట్టి. ఆ నీళ్లు పారిన చోట గడ్డి మాడిపోయింది. మరిది ముందు దుకాణదారును తిట్టాడు. తర్వాత వాటిలో ఇనుపదైన పీపాను ఒక్కటి పీకి చెవి పెట్టాడు.

"ఉండనియ్ వదినె. ఇదే మంచిగ మొత్తుకుంటది."

నాకు ఏదైనా రాసిపెట్టుకునే అలవాటు. ప్రెస్సులో వేళ్లు పోయినవాళ్ల పేర్లు మరిది చెబుతుంటే రాశాను: పేరు, ఏ చెయ్యి, ఎన్ని వేళ్లు, ఏ మిషను. ఇరవై మూడు పేర్లు. ఒకరోజు ఆ పేజీయే పాటయింది. పాటగాడు ఒక పేరు అరుస్తాడు, మరిది ఒక దెబ్బ వేస్తాడు. అంతే. "దెబ్బ గట్టిగుంటె సాలదు వదినె, టైముకు పడాలె" అనేవాడు.

కాలనీ మైదానంలో రెండోసారి ఆ పాట ఎత్తుకున్నప్పుడు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నలుగురితో, ఇనుప రాడ్లతో వచ్చాడు. గిటారు విరిగింది. పాటగాడి పళ్లు రాలాయి. ఇద్దరు మరిది కుడిచేతిని పీపా మీద అదిమి పట్టుకున్నారు. కొట్టింది సూపర్‌వైజరే. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

"ఇగ కొట్టు బిడ్డా, జూస్త," అన్నాడు.

నా చేతిరాత వల్ల విరిగిన చెయ్యి అది. బతికున్నన్నాళ్లూ మరిది దానికి నన్నొక్క మాట అనలేదు.

కట్టు విప్పినా మణికట్టు వంగలేదు. ఒక మధ్యాహ్నం ఎడమచేత్తో రాడ్డు పట్టుకుని చెప్పులేసుకుంటున్నాడు.

"యాడికి తమ్మీ?"

"వాని తల పలగ్గొట్టి అటే ఠాణాకు పోత. అడ్డం రాకు వదినె."

నేను అడ్డం వెళ్లలేదు. నోటుబుక్కు తెచ్చి అతని ముందు తెరిచాను. "పో. గని నువ్ జైల్ల గూసుంటె ఈ ఇరవైమూడు పేర్లు ఎవడు కొడ్తడు?"

"మాటతోటే సంపుతవ్ వదినె," అన్నాడు. గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. రాడ్డు కింద పెట్టలేదు. దాంతోనే, ఎడమచేత్తో, ఇనుప పీపాను కొట్టడం మొదలుపెట్టాడు.

నెల తర్వాత, రెండు గంటలకు షిఫ్టు మారే వేళ, ముగ్గురూ ఫ్యాక్టరీ గేటు ముందు పీపాలు దించారు. నేను జనంలో ఉన్నాను. పేరు, దెబ్బ. పేరు, దెబ్బ. బయటికొస్తున్నవాళ్లలో కొందరు తమ పేరు వినగానే మిగిలిన వేళ్లతో చెయ్యి పైకెత్తారు. సూపర్‌వైజరు గేటు దగ్గరికి వచ్చాడు. మరిది అతని ముఖంలోకి చూస్తూనే కొట్టాడు. ఇరవై మూడు అయిపోయాయి. ఎవరూ కదలలేదు.

అప్పుడు మరిది రాడ్డును వంగని కుడిచేతిలోకి మార్చుకున్నాడు. నేను రాయని పేరొకటి పాటగాడు అరిచాడు. మా మరిది పేరు. ఆ దెబ్బకు పీపా చీలింది, మరిది నోట్లోంచి కేక వచ్చింది. గేటు దగ్గర సూపర్‌వైజరు, ఆనాడు రాడ్డెత్తిన తన కుడిచేతిని మెల్లగా చంక కింద దాచుకున్నాడు.