గిన్నె ఖాళీగా వెళ్లాలి

భీమిలి సముద్రపొడ్డు వీధిలో నూకరత్నం నడుస్తుంటే ఒక చెయ్యి నడుం మీద, మరో చెయ్యి గుండెల మీద ఉంటుంది. ఎనిమిదో నెల. మంట గొంతు దాకా ఎగదన్నుతుంది. ఆశా వర్కర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తింటుంది, తిన్న వెంటనే నడుం వాల్చదు, పాత వల మడతపెట్టి తలకింద ఎత్తు పెట్టుకుంటుంది. వీధి ఆడవాళ్లు మాత్రం కడుపుతో ఉన్నదానికి పులుపు పడాలంటూ చింతకాయ వేసిన చేపల పులుసు తెస్తారు. అలా ఇచ్చిన గిన్నె నిండుగా తిరిగి రాకూడదని వాళ్ల పట్టింపు. రత్నం ఎవరినీ కాదనలేదు. నవ్వుతూ అందుకుని, వేట నుంచి వచ్చిన మొగుడు ఎల్లాజీ ముందు పెడుతుంది. అతను గిన్నె నాకి మరీ ఇస్తాడు.

నిన్న సాయంత్రం ఎల్లాజీ గుండె రుద్దుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు. "ఏటే రత్నం, గుండెల్లో నిప్పెట్టినట్టుంది!"

రత్నం పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వింది. మజ్జిగ ఇచ్చి, తన వల తెచ్చి అతని వీపు వెనక దోపింది. "పడుకోకు మావా, నిటారుగా కూకో."

అప్పుడే పక్కింటి పోలమ్మ మరో పులుసు గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. రత్నం మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టింది.

"పిన్నీ, రేపట్నుంచి సప్పటి గంజి తే. మా ఇంట్లో ఇద్దరికీ ఎనిమిదో నెలే!"