ట్రక్కు ఇంకా రాలేదు

మా పక్కింటి జపాన్ పెద్దాయన పోయిన నెల కన్నుమూశారు. ఆ రోజు పొద్దున్నే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఒకటి రెండుసార్లు తప్ప నన్ను చూసింది లేదు. "మీరే కదా గారు-సాన్? నాన్న పోయారు. మొదట మీకే చెప్పాలనిపించింది" అంది. దుఃఖం కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఈ నెల ఈ పేజీ వాడుకుంటున్నాను.

మన సంఘం పత్రికలో 'జపాన్ కబుర్లు' ఏళ్ల తరబడి చదివి నవ్విన మీకు ఒక సంగతి దాచాను. నేను జపాన్ మొహం ఎరగను. ఆ కబుర్లన్నీ ఆయనవే. ఏదో కంపెనీ పనిమీద న్యూజెర్సీ వచ్చి, కూతురు ఇక్కడే పెళ్లి చేసుకోవడంతో రిటైరయ్యాక కూడా ఉండిపోయారు. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌కీ ఆయనదానికీ మధ్య ఒకటే గోడ. శనివారం పొద్దున పదయ్యేసరికి వాళ్ల దేశం పేపరు చంకన పెట్టుకుని వచ్చేవారు. గుమ్మంలో బూట్లు విప్పి, వాటి ముక్కులు బయటివైపు తిప్పి పెట్టేవారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ రెండు చేతులా అందుకుని, ఒక్కో వార్తా ఇంగ్లీషులో చెప్పేవారు. ఎక్కడో స్కూల్లో పిల్లల జుట్టు స్కేలు పెట్టి కొలుస్తున్నారట. ఒక్క ఖర్బూజా పండుకి పట్టుబట్ట చుట్టి పై ఆఫీసరుకి కానుక ఇస్తారట. సెలవులు వాడుకోండయ్యా అని ఉద్యోగుల్ని మేనేజర్లు బతిమాలుతున్నారట. మన గుమాస్తాలకి ఆ బతిమాలుడు అక్కర్లేదు, అయిపోయిన సెలవులు కూడా వాడుకోగలరు అని నేను తోక తగిలించేవాణ్ణి.

"మా దేశాన్ని చూసి నవ్వండి, గారు-సాన్. బూట్లు మాత్రం విప్పి లోపలికి రండి" అనేవారు. ఆ మాట అప్పట్లో మర్యాద గురించి అనుకున్నాను.

గారు-సాన్ అంటే నేనే. మనకి గారు ఎలాగో వాళ్లకి సాన్ అలాగ. మా ఇంటికి వచ్చినవాళ్లంతా నన్ను గారూ గారూ అనడం విని, అది మా ఇంటిపేరు అనుకున్నారాయన. "మీది చాలా పెద్ద కుటుంబం. మీ ఇంటికి వచ్చేవాళ్లందరూ గారులే" అన్నారోసారి. పడీపడీ నవ్వి అసలు సంగతి చెప్పాను. అయినా పిలుపు మార్చలేదు. రెండు మర్యాదలైతే నష్టమేముంది అన్నారు.

ఒక శనివారం పేపర్లోంచి ఒక ముక్క కత్తిరించి తెచ్చారు. రిటైరై ఇంట్లో కూర్చున్న మొగుళ్లని అక్కడి ఆడవాళ్లు 'సోదాయ్ గోమి' అంటున్నారట. పాత సోఫాలూ విరిగిన మంచాలూ లాంటి పెద్ద చెత్త అని అర్థం. అది మామూలు రోజు తీసుకెళ్లరు, దాని ట్రక్కు వేరే. పేరులోనే సోది ఉందన్నాను. సోది అంటే ఏమిటో విడమర్చి చెబితే గట్టిగా నవ్వారు. నవ్వు ఆగాక కప్పులోకి చూస్తూ, "మా ఆవిడ ఒసాకాలో ఉంది. నేను రిటైరైన నెలలోనే వెళ్లింది. అక్కడ ఇల్లు చూసుకోవాలి కదా" అన్నారు. అప్పటికి ఆవిడ వెళ్లి నాలుగేళ్లు. నాకు అర్థం కాలేదని బుకాయించను. అర్థమైంది. అర్థమయ్యే రాశాను.

"మా పక్కింటాయన్ని వాళ్లావిడ సముద్రం ఇవతలి గట్టున పెట్టి వెళ్లింది. నాలుగేళ్లయింది, ట్రక్కు ఇంకా రాలేదు."

మీకు గుర్తుండే ఉంటుంది. నా రాతల్లో దేనికీ అన్ని ఫోన్లు రాలేదు. ఆయనకి తెలుగు రాదు కదా అన్నదే నా ధైర్యం. ఈ నెల ఏం రాశారని ఎప్పటిలాగే అడిగితే, ఖర్బూజా గురించి అని అబద్ధమాడాను. ఆయన పత్రిక మీద పెన్సిలుతో చిన్న ఖర్బూజా బొమ్మ వేసుకుని, మడత పడకుండా దాచుకున్నారు.

ఆ ఏడు ఉగాదికి ఆయన్ని మన హాలుకి తీసుకొచ్చింది నేనే. పులిహోర తింటుంటే మనలో ఒక డాక్టరుగారు వచ్చారు. పేరు చెప్పను, తప్పు ఆయనది కాదు. "ఓహో, మన పెద్ద చెత్త అంకుల్ ఈయనేనా! ఇంతకీ ట్రక్ వచ్చిందా లేదా అండీ?" అని, ఆయనకి అర్థం కాలేదని జాలిపడి, నా వాక్యం మొత్తం ఇంగ్లీషులో వినిపించారు. పెద్దాయన నావైపు ఒక్కసారి చూశారు. ప్లేటు పక్కన పెట్టి లేచి, నడుం వంచి దణ్ణం పెట్టి, ఇంగ్లీషులోనే "ఇంకా రాలేదండీ" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను.

కార్‌లో ఇంటికి తీసుకొచ్చాను. దిగేముందు, పులిహోర చాలా బాగుందన్నారు. ఇంట్లోకి రాగానే మా ఆవిడ పట్టుకుంది.

"రేపే వెళ్లి సారీ చెప్పండి. రెండు ముక్కలేగా!"

"శనివారం వస్తారుగా, అప్పుడు చెప్తాలే" అన్నాను.

శనివారం పదింటికి వచ్చారు. బూట్లు తిప్పి పెట్టారు, కాఫీ రెండు చేతులా అందుకున్నారు, వార్తలు చెప్పారు. ఈ నెల ఏం రాశారని మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. అలా మూడేళ్లు వచ్చారు. ప్రతి శనివారం ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చేది, నేను కాఫీ తాగేసేవాణ్ణి. ఆయన వార్తలతోనే నా పేజీ నింపుకున్నాను. మీరు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

నిన్న మా వీధిలో పెద్ద చెత్త రోజు. అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తూ వాళ్లమ్మాయి ఆయన వాలుకుర్చీ రోడ్డు పక్కన పెట్టి వెళ్లింది. ఆ పిల్ల తప్పేం లేదు, ఆమె ఇంట్లో చోటు లేదు. కిటికీలోంచి అది కనబడగానే సాక్సులతోనే బయటికి పరిగెత్తాను. అప్పటికే ట్రక్కు వచ్చి ఆగింది. దిగినతను కుర్చీ మీద చెయ్యి వేసి, తీసుకెళ్లనా అని అడిగాడు.

వద్దన్నాను. కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నాను. ఆ తర్వాత నోటి వెంట వచ్చేసింది. "సారీ" అన్నాను. "ఐయాం సో సారీ."

"ఇట్స్ ఓకే" అన్నాడతను, అంతకన్నా ఏమనాలో తెలియక. ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. తడి రోడ్డు మీద సాక్సులతో, ఆ ఖాళీ కుర్చీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.