నందిగామ గదిలో మూడో బంతి భోజనాలు

“నా కీబోర్డు ఆపేస్తే నీ పాటలో మిగిలేది అరుపేనే.”

“నీ కీబోర్డు లేకుండానే పాడి చూపిస్తా. ముందు మాత్ర మింగి పడుకో.”

మా ఆయన డేవిడూ, నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవి. ఆయన పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. చివరి మాట నాదే అయిందని కొన్నాళ్ళు గర్వపడ్డాను కూడా. ఆ గర్వం నందిగామలో ఎలా మంటగలిసిందో చెబుతాను, వినండి. మీరు నవ్వుకోవచ్చు. నాకైతే నవ్వే ఓపిక లేదు.

ఒకప్పుడు జగ్గయ్యపేటలో నేను పేరున్న గాయనినే. పెళ్ళిళ్ళలో మా ఆర్కెస్ట్రా, బస్టాండు కొట్లలో నా క్యాసెట్లు. ముక్త్యాల సిమెంటు లారీలు నా హుషారు పాటలు పెట్టుకుని తిరిగేవి. ఇప్పుడు గొంతు ఇసుకేసి తోమిన మూకుడులా ఉంది. చదువంటారా, సంతకం వరకే. ఇది రాసిపెడుతున్నది నా మేనకోడలు కరుణ. ఈ ఉపద్రవం తెచ్చిపెట్టిందీ అదే.

“అత్తా, నీ పాత పాటలతోనే మళ్ళీ ఆల్బమ్ చేద్దాం. గిటారు ఒక్కటే. డప్పులుండవు, కీబోర్డుండదు, ఎకో ఉండదు.”

“మరేముంటదే?”

“నీ గొంతు.”

“దాన్ని దాచటానికేగా అవన్నీ పెట్టింది!”

అయినా ఒప్పుకున్నాను. బతికున్న మొగుడితో పంతమైతే పూట గడిచేసరికి చల్లారుతుంది. పోయినవాడితో పంతం అలా కాదు, వదలదు.

నందిగామలో ఎరువుల కొట్టు మీద ఒక గది. గోడల నిండా, మోత మోగకుండా అట, కోడిగుడ్ల అట్టలు. ఇంతమందికి ఆమ్లెట్లు వేసిన మహాతల్లి ఎవరా అనుకున్నాను. రికార్డింగు చేసేది ప్రసాదు. గిటారు వాయించేది మా చర్చి జోసెఫ్ మాస్టారు.

“అమ్మా, గొంతూ గిటారూ ఒకే మైకులో పడతాయి. పాట మొత్తం ఒకేసారి పాడెయ్యాలండి,” అన్నాడు ప్రసాదు.

పెళ్ళి ఆర్కెస్ట్రా సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. చరణానికీ చరణానికీ మధ్య వాయిద్యం మోగుతుంటే గాయని ఊరికే నిలబడదు. పెళ్ళివారు వచ్చి చెవిలో ఏదో చెబుతారు, దాన్ని ఆవిడ మైకులో అందరికీ చెప్పాలి. నా జీవితంలో సగం అలాగే గడిచింది.

మొదటి చరణం బ్రహ్మాండంగా పాడాను. ఆ తర్వాత గిటారు ఒక్కటే, చూరు నుంచి నీళ్ళు కారుతున్నట్టు, చుక్కా చుక్కా. ఆ ఖాళీలో నాకు పొయ్యి మీద పాలు మరిచిపోయినంత కంగారు పుట్టింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

“మూడో బంతి వడ్డిస్తున్నారు. మగపెళ్ళివారు భోజనాలకి రావలసిందిగా కోరుతున్నాం.”

ప్రసాదు ఆపేశాడు. “భోజనాలేంటమ్మా?”

“తినలేదా బాబూ?”

“నా సంగతి కాదండీ, మీరే పిలిచారు.”

“నేనా? ఇంట్లో పచ్చడి మెతుకులు తప్ప లేవు, నేనెందుకు పిలుస్తా?”

వినిపించాడు. నేనే. పైగా ఎంత మర్యాదగా పిలిచానో!

“ఆ ముక్క కోసెయ్యి.”

“గిటారు మీద పడిందండీ. కోస్తే అదీ తెగుద్ది.”

మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అదే ఖాళీ.

“సిమెంటు లారీ ఎవరిదోగానీ పందిరికి అడ్డంగా ఉంది. వెంటనే తియ్యాలి.”

జోసెఫ్ మాస్టారు గిటారు పక్కన పెట్టి కిటికీలోంచి తొంగిచూశారు. పాపం, ఆయన స్కూటరు కింద ఉంది.

“అత్తా, నోటికి కొంగు అడ్డం పెట్టుకో!”

“కొంగు పెట్టుకుని పాడనా, ఏడవనా?”

గొంతు అప్పటికే జీరబోయింది. ఇంకొక్క పాటకు మించి లేవదని నాకు తెలుస్తూనే ఉంది. ఈసారీ తప్పితే ఆయన మాటే నెగ్గినట్టు.

మూడోసారి మొదటి ఖాళీలో పెదవి కొరుక్కున్నాను. రెండో ఖాళీలో కరుణ మణికట్టు పట్టుకున్నాను, నా గోళ్ళ గుర్తులు దానికి వారం దాకా పోలేదు. ఇక ఆఖరి ఖాళీ. గిటారు మరీ మెల్లగా మోగుతోంది. నా ఎడమ చెయ్యి పక్కకు సాగింది. స్టేజీ మీద ఆయన ఎప్పుడూ కూర్చునేది అటే.

“కీబోర్డు మీద... మన డేవిడ్ గారు! ఒక్కసారి చప్పట్లు!”

ఎవరూ కొట్టలేదు. ఎడమవైపున గుడ్ల అట్టలున్నాయి. మాస్టారు మాత్రం ఆపలేదు. తల వంచుకుని, నాకు మళ్ళీ ఊపిరి అందేదాకా అదే తిప్పి తిప్పి వాయించారు. ఆఖరి చరణం ఎలాగో పాడాను. ఆ తర్వాత మంచినీళ్ళు అడగడానికి కూడా గొంతు లేవలేదు.

“దీన్ని కొయ్యొద్దండీ. ఇలాగే ఉండనివ్వండి,” అంది కరుణ ప్రసాదుతో. వద్దు వద్దని నేను చేతులూపాను. టీ అడుగుతున్నాననుకుని టీ తెప్పించారు.

పాట ఫోన్లలోకెక్కింది. కొన్నాళ్ళకు కీసర నుంచి ఒక లారీ డ్రైవరు ఫోను చేశాడు. నా క్యాసెట్లు అరిగేదాకా విన్న మనిషట.

“మీ పాట తిప్పి తిప్పి పెట్టుకుంటన్నానమ్మా!”

నాకు ప్రాణం లేచొచ్చింది. “గొంతు ఎట్టా ఉంది బాబూ?”

“గొంతుదేముందమ్మా, ఉండనే ఉంది. ఆ డేవిడ్ గారి కీబోర్డు ఉంది చూశారూ! ప్రాణం పెట్టి వాయించాడండీ మహానుభావుడు!”

అది గిటారు బాబూ, ఆయన లేడు అని చెప్పబోయాను.

“ఆయనకి చెబుతాలే అయ్యా,” అన్నాను.

కాబట్టి చదివేవాళ్ళందరి సాక్షిగా, బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ మైకు ముందూ ఎవరినీ భోజనానికి పిలవను, ఏ లారీనీ తియ్యమనను, సమాధిలో ఉన్న మొగుడికి చప్పట్లు కొట్టమనను. కరుణా, అంతా రాశావా? నవ్వుకుంటూ సగం మింగేసి ఉంటావు. ఏదీ, మొదట్నుంచీ చదువు, వింటాను.