యాదికొస్తలేదని చెప్పిన మనిషి

మా సర్దార్ కాక చనిపోయాడు. మొదటి షిఫ్టు చేసి బొగ్గు బాయి పైకి వచ్చి, టోపీ లైటు అప్పగిస్తుంటే తోటి పనివాడొకడు చెప్పాడు.

“మీ కాక పోయిండంటనే. పొద్దుగాల్నేనట.”

ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. పొద్దున ఇంటికి గొళ్లెం పెట్టి వచ్చానో లేదోనని ఆ రోజంతా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను, గుర్తు రాలేదు. ఆయనకు కూడా ఇలాంటి చిన్న మరుపులతోనే మొదలైంది.

ఆయన నాకు చుట్టం కాదు. మా క్వార్టరుకూ ఆయన క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. ఇద్దరం మంథని దిక్కు పల్లెల నుంచి వచ్చి బొగ్గు బాయిలో చేరినవాళ్లం. బొగ్గు గోడకు వేసిన పొక్కల్లో పేలుడు మందు కూరి, ఒక్కొక్కటే పేల్చి, అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాకే మనుషులను లోపలికి పంపడం సర్దార్‌గా ఆయన పని. పేలకుండా ఒక్క పొక్క మిగిలినా, బొగ్గెత్తేవాడి గడ్డపార దానికి తగిలితే అంతే. అందుకే పేల్చిన ప్రతిసారీ పైకే అనేవాడు, “మూలది పోయింది... కిందిది పోయింది...” అని. ఆ సమయంలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

సర్దార్ పరీక్ష రాయమని నన్ను పోరింది ఆయనే. అప్పటికే నాకు ముప్పై దాటాయి. డ్యూటీ చేసి వచ్చి ఆయన ముందు కూర్చుంటే మాటలు చెవిన పడేవి గానీ తలలో నిలిచేవి కావు. నాకిక చదువు రాదేమోనని బెంగపడ్డాను.

“రాక కాదు కొడుకా, అలిసినవ్. ఇప్పుడు చెప్తే ఆ గోడకు చెప్పినట్టే ఉంటది. పో, పండుకోని రా” అని పంపేసేవాడు. నిద్రలేచి వెళ్తే, “నేనేం ఎరుగనోన్ననుకో, నాకు నువ్వే చెప్పు” అనేవాడు. తప్పితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేవాడు. “పడుసుతనంల ఒక్కసారి ఇంటే పట్టుకుంటది. గిప్పుడు చేతులతోని పదిసార్లు చెయ్యాలె. చేస్తే ఎందుకు రాదు?” అనేవాడు. ఆయన ఓపిక వల్లనే నేను గట్టెక్కాను.

తర్వాత ఆయన కిందే పని నేర్చుకున్నాను. ఆ ఎండాకాలం ఇంకో సర్దార్ దవాఖానలో పడ్డాడు. ఆయన బదులు కూడా కాకే దిగాల్సి వచ్చింది. షిఫ్టు మీద షిఫ్టు. తోడుగా నేను. ఒకరోజు చిన్నమ్మ, అంటే కాక భార్య, పెరటి గోడ మీదుగా నన్ను పిలిచింది.

“తిన్నది మరిచిపోయి మల్ల బువ్వ పెట్టమంటుండు బిడ్డా. అడిగిందే అడుగుతుండు. నాకు బుగులైతాంది. ఎవ్వలికి చెప్పకు, కొలువు పోతది.”

నేను ఎవరికీ చెప్పలేదు. అలసటేలే, పడుకుంటే తగ్గుతుంది అనుకున్నాను.

కొన్నాళ్లకే ఆ రోజు వచ్చింది. పొక్కలు పేల్చాం, పొగ పలచబడింది. బొగ్గెత్తేవాళ్లు తట్టలు పట్టుకుని కదిలారు.

“ఆగుండ్రి!” అన్నాడు కాక.

అందరూ ఆగారు. ఆయన నా వైపు తిరిగాడు. లైటు వెలుగులో ఆయన కళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

“ఆఖరిది పేల్చిననా?”

పేల్చావు కాకా అనబోయి ఆగిపోయాను. పేలిన చప్పుడు చెవుల్లో ఉంది. కానీ అది ఇవాళ్టిదా, నిన్నటిదా? ఎంత తవ్వుకున్నా తెలియలేదు. నా తల కూడా ఖాళీగా ఉంది.

అప్పుడే పై అధికారి ఓవర్‌మన్ వచ్చాడు. “ఏంది, పని ఆపిన్రు? పేల్చినవా లేదా?”

“యాదికొస్తలేదు సార్” అన్నాడు కాక.

“యాదికి రాకపోవుడేంది? జల్ది పంపు మనుషులను!”

కాక దారికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. “నాకు తెల్వకుంట ఒక్కర్ని గూడ పంప. నన్ను ఏమన్న చేసుకోండ్రి.” చాపిన చేతులు దించలేదు.

ఆగాల్సినంత సేపు ఆగి, చివరికి ఓవర్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆయనే లోపలికి వెళ్లాడు. బొగ్గు పెళ్లలు చేత్తో తీసి చూశారు. అన్నీ పేలే ఉన్నాయి. బయట ఉన్నవాళ్లు నవ్వారు. “కాక ముసలోడైండురా” అన్నాడొకడు.

కాక నవ్వలేదు. బొగ్గు మోసే టబ్బుకు ఆనుకుని కూలబడ్డాడు. “పేలింది, మంచిదే. గని పేల్చినోన్ని నాకే ఎరుక లేదు గదరా. రేపు పేల్చకుంటనే పేల్చిన అనుకుంటే?” అన్నాడు.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఇక పేలుడు మందు ముట్టనని చెప్పేశాడు. పైన చిన్న పని ఇచ్చారు. చిన్నమ్మ చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మాత్రం, “అందరు పానంతోని ఇండ్లకు పోతున్నరు గదనే” అనేవాడట.

విశ్రాంతి దొరికితే బాగవుతాడనుకున్నాం. కాలేదు. నాది నిద్రతో తీరిపోయే అలసట, ఆయనది కాదు. కొలువు దిగిపోయాక మా వరుసలో ఏది తన ఇల్లో మరిచిపోయాడు. తర్వాత మా పేర్లు పోయాయి. ఇప్పుడు ఆయన చేసిన పనే నేను చేస్తున్నాను. ఏ చిన్నది మరిచినా, ఇది నిద్రలేమా, కాకకు వచ్చిన మరుపేనా అని భయమేస్తుంది. గుర్తు లేనప్పుడు లేదని పైకి చెప్పేస్తాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ ధైర్యం ఆయన పెట్టిందే.

పోయిన నెల డ్యూటీ నుంచి వస్తుంటే కాక తన క్వార్టరు గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా మొహం నిండా బొగ్గే.

“ఎవలు బిడ్డా?”

“నేనే కాకా.”

భుజం మీది తువ్వాల తీసి, మసి కింద ఎవరున్నారో చూద్దామన్నట్టు నా మొహం తుడవడం మొదలుపెట్టాడు. నుదురు, బుగ్గలు, కళ్ల కింద. మసి అంతా పోయింది. నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన నా కళ్లలోకే చూస్తూ, మెల్లగా, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.