లాంచికి కట్టిన ఎర్రగుడ్డ

దగ్గరికి జరిగి కూసోండ్రి. చిన్నపిల్లలుంటే ఒళ్లో పెట్టుకోండ్రి. ఇది గోదారి ముచ్చట, చెప్పేటప్పుడు నాకే గుండె దడదడమంటది.

డెబ్బైలల్ల భద్రాచలం లాంచీల రేవు కాడ ఈత క్లబ్బు అని ఒకటుండేది. క్లబ్బంటే బిల్డింగు గిట్ల ఏం లేదు. ఒక విజిలు, రెండు లారీ ట్యూబులు, పదిమంది మొగోళ్లు. ఒకాయన టైలరు, ఒకాయన బ్యాంకుల ప్యూను, మా ఆయన బస్ డిపోల మెకానిక్కు. ఆదివారం వస్తే పోటీ. అవతలి ఒడ్డు నుంచి ఈదుకుంట వచ్చి రేవుల ఆగి ఉన్న లాంచిని ముట్టాలె. నీళ్లల్ల ఉన్నోళ్లకు ఆనవాలు కావాలని లాంచి మీద ఒక వెదురు నిలబెట్టి ఎర్రగుడ్డ కట్టేటోళ్లు. దాని మీదనే చూపు పెట్టి రావాలె. ఆడోళ్లం పొడిబట్టలు పట్టుకొని ఒడ్డున కూసునేటోళ్లం.

ఆ ఆదివారం వానలు వెనకబట్టినయి గని నీళ్లు ఇంక ఎర్రగనే ఉన్నయి. మా ఆయనకు చెవిపోటు. నూనెల ముంచిన పత్తి రెండు చెవులల్ల కుక్కుకొని దిగిండు. మొత్తం నలుగురు. సగం దాటిండ్రో లేదో, రేవుల లాంచి హారన్ కొట్టింది. జనం నిండిండ్రని డ్రైవరు తాడు విప్పిండు. గుడ్డ విప్పాలని ఎవ్వరికీ యాదికి రాలే.

లాంచి ఏటివాలుకు పోతుంది. గుడ్డ దాంతోనే పోతుంది. నాలుగు తలకాయలు దాని దిక్కే తిరిగినయి.

క్లబ్బు పెద్దాయన విజిలు ఊదిండు. మూడు తలలు రేవుకు మళ్లినయి. నాలుగోది మళ్లలే.

"ఆపుండ్రి! ఎవరన్న ఆపుండ్రి!" అని మొత్తుకున్న.

"నువ్వు మొత్తుకుంటే ఆ పత్తి ఊడి పడతదా? ఉరుకు పిల్లా!" అని మా అత్త నన్ను తోసి, తానూ నా ఎనక ఉరికింది.

కొంత దూరం తల కనపడ్డది. మలుపు కాడ సుడి ఉంటదని పడవోళ్లు చెప్పంగ విన్న. తల ఆ మలుపు తిరిగింది. ఇంక నీళ్లే.

పడవోళ్లు ఎనక పోయిండ్రు. మధ్యాహ్నానికి వచ్చి, లేడని చెయ్యి తిప్పిండ్రు. "పోయిన ఎండకాలమే పెండ్లయిందంట" అని ఎవరో గుసగుసలాడిండ్రు. నుదుట చెమట తుడుచుకోబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "తుడవకు, బొట్టు చెరుగుతది" అన్నది. ఆమె చెయ్యి మంచు లెక్క ఉన్నది. అప్పటిదాక ధైర్యం చెప్పిన మనిషి.

పొద్దు వాలంగ కింది రేవు దిక్కు నుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. ఎవరిదో లుంగీ కట్టుకొని మా ఆయన దిగిండు. లాంచిల ఒక ముసలామె చూసి, "పాపం, లాంచి అందక ఈదుకుంట వస్తుండు, ఆపయ్యా!" అన్నదంట. డ్రైవరు ఆపి, తాడేసి గుంజి, పైకెక్కంగనే టికెట్ అడిగిండంట.

"గుడ్డ ముట్టిన. గెలుపు నాదే" అన్నడు క్లబ్బోళ్లతో. అందరు పడిపడి నవ్విండ్రు. నేను పొద్దటిసంది పట్టుకున్న పొడిబట్టలు ఆయన చేతుల పెట్టిన.

ఇంటికొచ్చినంక అడిగిన: "ఇంక ఈతకు పోరు గద?"

"చెవుల పత్తి పెట్టుకోనులే" అన్నడు. పోనని మాత్రం అనలే.

తర్వాత క్లబ్బోళ్లు గుడ్డను ఒడ్డుమీద గుంజకే కట్టిండ్రు. తొంభైలల్ల క్లబ్బు ఎత్తిపోయేదాక ప్రతి ఆదివారం నేను ఆ ఒడ్డున్నే ఉన్న, ఒక్క తల మీద నుంచి చూపు తియ్యకుంట.

మీ ఇంట్ల నుంచి బయటికి పోయిన ప్రతి మనిషి అన్నం చల్లారకముందే ఇల్లు చేరాలె. పిల్లాజెల్లతోని సల్లగుండుండ్రి.