పల్లానికి అడ్డంగా రోడ్డు

నా పెళ్లయిన ఏడాదే మా అత్తగారి ఊరి సన్న రోడ్డుని వెడల్పు చేసి హైవేకి కలిపే పని మొదలైంది. నాది పొన్నూరు దగ్గర వరి పండే ఊరు. కాలవలు, తూములు చూస్తూ పెరిగాను. అత్తగారిది చిలకలూరిపేట దగ్గర మెట్ట ఊరు. మిరప, పత్తి తప్ప అక్కడ మరో మాట లేదు. నల్లరేగడిలో నడవడం కూడా రాదని అత్తగారు నన్ను చూసి తెగ నవ్వేది.

వేసవిలో కొత్త రోడ్డుకి మనిషెత్తు మట్టికట్ట పోశారు. చేనుకి అన్నం తీసుకెళ్తూ దాని వెంబడి నడిచాను. కట్టకి ఎగువన మా చేను, దిగువన ఊరి కుంట. పై పొలాల్లో పడ్డ వాన ఒక పల్లం వెంట పారి కుంటలో చేరేది. గేదెలు తాగేది ఆ నీళ్లే. కుంట నిండితేనే మంచినీళ్ల బావిలో ఊట. ఆ పల్లాన్నే కట్ట మూసేసింది. ఎక్కడా తూము లేదు.

ఇంటికొచ్చి చెప్తే అత్తగారు కొట్టిపారేసింది. "పాత రోడ్డుకి మాత్రం తూముందా ఏంటే?"

"అది నేలమట్టంగా ఉండేది కదత్తయ్యా, నీళ్లు దాని మీదుగా పోయేవి."

మిరప నాటిన వారానికి పెద్ద వాన పడింది. చేలో మోకాలి లోతు నీళ్లు. కట్ట అవతల కుంటలో అడుగున బురదే. అత్తగారు కొంగు నడుముకి దోపి, "పదవే" అంది.

రోడ్డు పని చూసే ఇంజనీరు కుర్రాడు కాగితం పరిచి, "ప్లాన్‌లో ఇక్కడ వాగు లేదమ్మా" అన్నాడు.

"వాగు కాదు నాయనా, పల్లం. మా కోడలు పొన్నూరు పిల్ల. నీళ్ల సంగతి దాన్నడుగు."

"ఒకసారి వచ్చి చూడండి సార్" అన్నాను నేను.

వచ్చాడు. చేలో నాలుగడుగులు వేసేసరికి ఒక బూటు బురదలో ఉండిపోయింది. అత్తగారు పకపకా నవ్వింది. "మా కోడలికీ మొదట్లో ఇంతే!" అతనూ నవ్వి రెండో బూటు కూడా విప్పేశాడు. నీళ్లు పారే చోటే మొలిచే జమ్ముగడ్డి పల్లం పొడుగునా ఉంటే చూపించాను. కట్టెక్కి చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

"పైపు వేయిస్తానమ్మా."

"ఒకటి చాలదండీ, చెత్త అడ్డుపడుతుంది. రెండు వేయించండి."

పదిరోజుల్లో కట్ట కోసి రెండు సిమెంటు పైపులు పెట్టారు. మునిగిన మిరప కుళ్లిపోయింది. మళ్లీ నారు తెచ్చి నాటాం. తర్వాతి వానకి ఊరు ఊరంతా గొడుగులేసుకుని కట్ట మీద నిలబడింది. బురద నీళ్లు పైపుల్లోంచి హోరుమని దూకాయి. మూడు రోజులకి కుంట నిండింది, బావిలో నీళ్లు పైకొచ్చాయి.

రోడ్డు కోసం కొట్టేసిన వేపచెట్లు మాత్రం తిరిగి రాలేదు. పత్తి పురుగుకి కషాయం కాచే గింజలు వాటి కిందే ఏరుకునేవాళ్లం. ఆ పైన పురుగుమందే కొన్నాం. కానీ మిరప బస్తాలు ఎక్కించుకున్న లారీ పొద్దున్నే బయల్దేరితే కాసేపటికే గుంటూరులో ఉండేది. అది చూసి అందరం సంబరపడ్డాం కూడా.

ఆ శీతాకాలం కట్ట మా పక్క ఊరికి చేరింది. ఒకరోజు అక్కడి ఆడవాళ్లు నలుగురు వచ్చి, "పొన్నూరు కోడలు ఎవరండీ?" అని అడిగారు.

అత్తగారు నాకంటే ముందే చెప్పులేసుకుంది.